కార్నివాల్ గ్లాస్ సేకరణ: మెరుపు కన్నా ముందు అడుగుభాగం చూడండి

కార్నివాల్ గ్లాస్ అంటే అచ్చులో నొక్కి చేసి, పైన రంగులు మారే లోహపు మెరుపు పట్టించిన గాజు సామాను. దాన్ని కొత్తగా కొనేవాళ్లను తప్పుదారి పట్టించేది ఆ మెరుపే. నెమలికంఠం పట్టుచీరలా, వెలుతురు మారినకొద్దీ రంగు మార్చే ఆ పొర 1909లో ఒహాయోలో పోతపోసిన గిన్నె మీదా ఉంటుంది, 1970లలో చవక బజారు సరుకుగా తయారైన పళ్లెం మీదా ఉంటుంది. మొదటిది వందల డాలర్లు పలకొచ్చు. రెండోది పదుల డాలర్ల వస్తువు. తేడా పట్టుకోవాలంటే చూసే వరుస మార్చుకోవాలి. ముందు అడుగు, తర్వాత వెనకవైపు, ఆ తర్వాత అంచు, అన్నిటికన్నా చివర మెరుపు.

ఎలా తయారయ్యేదో తెలిస్తే సగం పని అయినట్టే

కరిగిన గాజు ముద్దను ఇనప అచ్చులో వేసి పైనుంచి ప్లంజర్‌తో నొక్కుతారు. బయటివైపు నగిషీ అచ్చు వల్ల, లోపలి నగిషీ ప్లంజర్ వల్ల పడతాయి. అచ్చులోంచి తీసిన గిన్నెను మళ్లీ వేడిచేసి, పనివాడు చేత్తో అంచులు మలుస్తాడు. అది ఇంకా వేడిగా ఉండగానే ఇనుము, తగరం వంటి లోహాల క్లోరైడ్ ద్రావణాన్ని పిచికారీ చేస్తారు. ఆ తర్వాత నెమ్మదిగా చల్లార్చే పొయ్యిలోకి పంపుతారు. గాజు బాగా వేడిగా ఉన్నప్పుడు పిచికారీ పడితే పట్టులాంటి మసక మెరుపు, కాస్త చల్లారాక పడితే అద్దంలాంటి మెరుపు వస్తుంది. అచ్చు ఒకటే అయినా అంచు, మెరుపు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. సేకరణలో ఉన్న ఆనందమంతా ఇందులోనే ఉంది.

అప్పటికే టిఫనీ ఫావ్రిల్ గాజు, 1904 నుంచి స్ట్యూబెన్ వారి ఆరీన్ గాజు ఇలాంటి మెరుపుతో ధనవంతుల ఇళ్లలో ఉండేవి. అవి ఊది చేసినవి, ఖరీదైనవి. ఆ మెరుపును అచ్చు గాజు మీదికి తెచ్చి మామూలు ఇళ్లకు చేర్చింది 1907-08లో వెస్ట్ వర్జీనియాలోని విలియమ్స్‌టౌన్‌లో ఫెంటన్ ఫ్యాక్టరీ. వెంటనే మిగతావాళ్లూ దిగారు. ‘కార్నివాల్’ అన్న పేరు అప్పటిది కాదు, కొన్ని దశాబ్దాల తర్వాత సేకర్తలు పెట్టుకున్నది. ఆ రోజుల్లో నార్త్‌వుడ్ తన సరుకును గోల్డెన్ ఐరిస్ అనీ, ఇంపీరియల్ తనదాన్ని రూబిగోల్డ్ అనీ అమ్మేవి. అందుకే పాత కేటలాగుల్లో కార్నివాల్ అని వెతికితే ఏమీ దొరకదు.

గుర్తుపెట్టుకోవలసిన ముఖ్య తయారీదారులు ఐదుగురు: ఫెంటన్, వెస్ట్ వర్జీనియా వీలింగ్‌లోని నార్త్‌వుడ్, ఒహాయో బెల్లెయిర్‌లోని ఇంపీరియల్, పెన్సిల్వేనియాలోని ఇండియానా పట్టణంలో డ్యూగన్ (1913 నుంచి డైమండ్ పేరుతో నడిచింది, 1931లో కాలిపోయింది), ఒహాయోలోనే మిల్లర్స్‌బర్గ్. ఫెంటన్ అన్నదమ్ముల్లో ఒకరైన జాన్ ఫెంటన్ 1909లో మొదలుపెట్టిన మిల్లర్స్‌బర్గ్ 1911లోనే దివాలా తీసింది. సరుకు తక్కువ, నాణ్యత గొప్పది కాబట్టి దాని ధరలు ఎప్పుడూ పైనే ఉంటాయి.

చేతిలో ఉండాల్సిన సామాను

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, తెల్లటి వెలుగు ఇచ్చే చిన్న ఎల్ఈడీ టార్చి, 365 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి, మెత్తటి కొలత టేపు, ఒక తెల్ల కాగితం. యూవీ టార్చిలో 395 నానోమీటర్ల చవక రకం వద్దు. దాని ఊదా వెలుగు గాజు మీద పరుచుకుని, అసలు మెరిసేదాన్ని కప్పేస్తుంది.

మొదటి మెట్టు: అడుగు

వస్తువును బోర్లించండి. అడుగున గుండ్రటి పట్టీ, లేదా కాళ్లు ఉంటాయి. పిచికారీ సరిగా పడని చోటు ఇదే కాబట్టి గాజు అసలు రంగు ఇక్కడే కనబడుతుంది. వెనక తెల్ల కాగితం పెట్టి టార్చి వెయ్యండి. కార్నివాల్‌లో రంగు పేరు పై మెరుపును బట్టి కాదు, ఈ అసలు గాజును బట్టే పెడతారు. ముఖ్యమైన మినహాయింపు: బంతిపువ్వు రంగు, అంటే మారిగోల్డ్. అందులో గాజు రంగు లేనిది, నారింజ ఛాయ అంతా పై పొరదే. ఇంపీరియల్ వారి పొగరంగు కూడా ఇలాంటిదే.

నేరేడు రంగు, ముదురు నీలం, ఆకుపచ్చ తరచుగా దొరికేవి. చాలా ముదురు నేరేడు గాజు టార్చి వేసేదాకా నల్లగానే ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని నల్ల గాజు అని రాసి అమ్మేస్తుంటారు. ఎరుపు వేరే కథ. సెలీనియంతో వచ్చే ఆ రంగు ప్రధానంగా 1920లది, అరుదు, ధర ఎక్కువ. ఎరుపు అని చెప్పిన గిన్నె అడుగునో నడిమధ్యనో పసుపు తేలితే దాన్ని ఆంబరినా అంటారు. వేడి సమంగా తగలకపోతే ఎరుపు పూర్తిగా తేలదు. ఆంబరినా తప్పు సరుకు కాదు గానీ దానికి పూర్తి ఎరుపు ధర ఇవ్వకూడదు.

ఇప్పుడు యూవీ టార్చి. చీకట్లో గాఢమైన పచ్చని వెలుగు వస్తే గాజులో యురేనియం ఉన్నట్టు. దాన్ని వాసలిన్ గాజు అంటారు. నీరసమైన లేత పచ్చ వస్తే అది మాంగనీస్ వల్ల. రంగులేని పాత గాజులో ఇది మామూలే. చాలామంది అమ్మకందారులు ఈ రెండింటినీ కలిపి ‘వాసలిన్’ అని ధర పెంచుతారు. యూవీకి ఇంకో ఉపయోగం ఉంది: ఎపాక్సీ జిగురుతో అతికిన చోటు చాలాసార్లు గాజుకన్నా వేరుగా, నీలితెలుపుగా వెలుగుతుంది.

అరుగుదల కూడా అడుగునే చూడాలి. వందేళ్లు బల్లల మీద జరిగిన గిన్నెకు పట్టీ ఎత్తుగా ఉన్న చోట మాత్రమే, అన్ని దిక్కులకూ పోయే సన్నటి గీతలు ఉంటాయి. గరుకు కాగితంతో రుద్ది పాతగా చూపినవాటి మీద గీతలు ఒకే దిక్కుకు సాగుతాయి, గుంటల్లో కూడా పడతాయి. భూతద్దంలో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

గుర్తులు: ఎంతవరకు నమ్మాలి

వృత్తంలో కింద గీత ఉన్న ఎన్ అక్షరం నార్త్‌వుడ్ గుర్తు. నార్త్‌వుడ్ సరుకులో గుర్తు లేనివి కూడా చాలా ఉన్నాయి, కాబట్టి అది లేనంత మాత్రాన కొట్టిపారేయకండి. ఉన్నంత మాత్రాన పొంగిపోకండి, నకిలీ ఎన్ గుర్తుతో ఆసియా నుంచి వచ్చిన సరుకూ ఉంది. పాత నగిషీలతో గాజు సామాను చేయించి అమ్మిన ఎల్.జి. రైట్ సంస్థ కొన్నింటి మీద ఎన్‌లా భ్రమపెట్టే, వంకర డబ్ల్యూ లాంటి గుర్తు వేయించింది. గుర్తును భూతద్దంలో అక్షరం అక్షరంగా చదవండి.

ఫెంటన్ విషయంలో సూత్రం తేలిక. తొలి కాలపు ఫెంటన్ కార్నివాల్ మీద సంస్థ పేరు పోతలో ఉండదు. కోడిగుడ్డు ఆకారంలో ‘ఫెంటన్’ అని ఉంటే అది 1970 లేదా ఆ తర్వాతిది. గుడ్డులో చిన్నగా 8 ఉంటే 1980లు, 9 ఉంటే 1990లు, సున్నా ఉంటే 2000ల తర్వాత. ఫెంటన్ 2011లో గాజు పోత ఆపేసింది. ఈ కొత్త ఫెంటన్ సరుకు తక్కువదేమీ కాదు, పనితనం చాలా బాగుంటుంది. పాతదని చెప్పి అమ్మితేనే తప్పు.

ఇంపీరియల్ 1960లలో తన పాత అచ్చులనే మళ్లీ బయటికి తీసింది. ఐ, జి అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఉంటే ఆ తరువాతి కాలపు సరుకు. దానికి ఎల్ చేరితే 1970లది, ముందు ఎ కూడా చేరితే 1980ల మొదటిది. 1984లో ఫ్యాక్టరీ మూతపడింది. అచ్చు ఒకటే కాబట్టి నగిషీని బట్టి పాత, కొత్త తేల్చలేం. అడుగు మధ్యలో చిన్న మచ్చలా అరగదీసిన జాడ ఉంటే గుర్తును చెరిపేశారని అనుమానించండి.

రెండో మెట్టు: వెనకవైపు

లోపలి నగిషీని చూసి పేరు పెట్టేయడం అందరూ చేసే పొరపాటు. గుర్రపునాడా మధ్యలో, చుట్టూ ‘గుడ్ లక్’ మాటలున్న నార్త్‌వుడ్ గిన్నెనే తీసుకోండి. వెనక నిలువు గాడులు గానీ బుట్ట అల్లిక గానీ ఉండాలి. ప్లంజర్, అచ్చు వేరువేరు భాగాలు కాబట్టి ప్రతి ఫ్యాక్టరీకీ ముందూ వెనకా జతలు ఉండేవి. ఫెంటన్ వారి డ్రాగన్ అండ్ లోటస్ (డ్రాగన్, తామర) బొమ్మ గిన్నెకు వెనక పండ్ల గుత్తుల నగిషీ ఉంటుంది. లోపల పేరున్న నగిషీ, వెనక నున్నగా ఏమీ లేకుండా ఉంటే రెండుసార్లు ఆలోచించండి. కొన్నింటికి నున్నటి వెనకవైపు సహజమే అయినా, నకళ్లలో ఇది చాలా ఎక్కువ.

ఒకే బొమ్మ ఇద్దరు ముగ్గురు తయారీదారులకు ఉండటం మరో చిక్కు. కుండ పక్కన నెమలి బొమ్మను నార్త్‌వుడ్, ఫెంటన్, మిల్లర్స్‌బర్గ్ మూడూ పోశాయి. నెమలి ముక్కు దగ్గర తేనెటీగ ఉందా, కుండ మీద పూసల వరుసలు ఎన్ని అన్న చిన్న వివరాల మీదే తయారీదారు తేలతాడు. ద్రాక్షగుత్తి, తాడు ఉన్న గ్రేప్ అండ్ కేబుల్ నార్త్‌వుడ్‌దీ ఉంది, ఫెంటన్‌దీ ఉంది. కొనే ముందు ఫోటోలతో పోల్చుకోవడం తప్ప దీనికి అడ్డదారి లేదు. అవకాశం ఉంటే న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ మ్యూజియం ఆఫ్ గ్లాస్, బెల్లెయిర్‌లోని నేషనల్ ఇంపీరియల్ గ్లాస్ మ్యూజియం, వీలింగ్‌లోని ఓగ్లెబే గాజు మ్యూజియం చూడండి. ఒక్కరోజు అసలు వస్తువుల ముందు నిలబడితే కంటికి వచ్చే శిక్షణ నెలలపాటు ఫోటోలు చూసినా రాదు. ఒహాయో, పెన్సిల్వేనియాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఈ ఊళ్లు వారాంతపు ప్రయాణం దూరంలోనే ఉన్నాయి.

మూడో మెట్టు: అంచు, దెబ్బలు

కళ్లు మూసుకుని వేలికొసను అంచు చుట్టూ నెమ్మదిగా తిప్పండి. కంటికి కనబడని పెచ్చు వేలికి తగులుతుంది. గోరు గుచ్చుకున్నంత చిన్నవాటిని ఈగ కాటు అంటారు. ఇవి రెండు మూడు ఉన్నా ధర కొంత తగ్గుతుంది గానీ వస్తువు పనికిరాకుండా పోదు.

పగులు అలా కాదు. గిన్నెను అరచేతిలో పెట్టి, గోటితో మెల్లగా మీటండి. మంచిది మోగుతుంది, పగిలినది మొద్దుగా పలుకుతుంది. అయితే మందమైన గాజు, బాగా కుచ్చుల అంచు ఉన్నవి పగులు లేకపోయినా సరిగా మోగవు. కాబట్టి ఈ పరీక్షతో ఆగకండి. టార్చిని అంచు నుంచి ఏటవాలుగా వేస్తే జుట్టంత పగులు వెండి గీతలా మెరుస్తుంది. కూజాల్లో పిడి అతికిన చోటు తప్పకుండా చూడాలి, చల్లారేటప్పుడు రెండు గాజులూ సమంగా ముడుచుకోక అక్కడే బీట పడుతుంది. గ్లాసుల్లో అడుగు మూల చూడండి. సింకులో తగిలిన దెబ్బకు అక్కడ చంద్రవంకలాంటి మచ్చ పడుతుంది.

గడ్డిపోచ అంటుకున్నట్టు గాజు పైన మెలికల గీత కనబడి, గోరు దానికి తట్టకపోతే అది పగులు కాదు. వేడి గాజును కత్తిరించినప్పుడు పడ్డ మడత. దీనికి ధర తగ్గించమని అడగొచ్చు గానీ భయపడనక్కరలేదు.

అసలు మోసం అరగదీసిన అంచుతో జరుగుతుంది. పెచ్చు ఊడిన కొసను రాయితో సమం చేసి నునుపు పట్టిస్తారు. పట్టుకునే తీరు: నిప్పుమీద మెరుగైన సహజమైన అంచు గుండ్రంగా ఉంటుంది, అరగదీసినది చదునుగా ఉంటుంది, ఆ చోట పై మెరుపు ఉండదు. వరుసగా ఉన్న కొసల ఎత్తు టేపుతో కొలవండి. ఒకటి పొట్టిగా ఉంటే కారణం అడగండి.

నాలుగో మెట్టు: మెరుపు

ఇప్పుడు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పగటి వెలుతురులో తిప్పండి. మంచి మెరుపులో గులాబీ, బంగారం, నీలం, పచ్చ ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తాయి. ఒకే రంగు పెట్రోలు తెట్టులా తేలి ఉంటే, తాకితే జిడ్డుగా అనిపిస్తే, బరువు ఉండాల్సినదానికన్నా ఎక్కువైతే అది కొత్తది కావచ్చు. దుకాణంలో హాలోజన్ దీపాల కింద నిర్ణయం తీసుకోకండి. ఆ దీపాల కింద ప్రతి గిన్నే అందగత్తె.

ఉల్లిపొరలా సన్నటి చీలికలున్న మెరుపు, నగిషీ లేని నున్నటి గాజు కనబడితే అది స్ట్రెచ్ గ్లాస్. ముందు పిచికారీ చేసి ఆ తర్వాత మలచడంతో పొర సాగి చీలింది. అదీ అందమైన సేకరణే గానీ కార్నివాల్ కాదు. 1970లలో ఇండియానా గ్లాస్ కంపెనీ పోసిన హార్వెస్ట్ గ్రేప్ సామాను, 1950లలో జెన్నెట్ కంపెనీ ఫ్లోరాగోల్డ్ కూడా పాత కార్నివాల్‌గా చలామణీ అవుతుంటాయి. రెండూ వాడుకోవడానికి, బల్లమీద పెట్టడానికి బాగుంటాయి, పదుల డాలర్లు మించి ఇవ్వకండి.

ఆకారం తెలిస్తే ధర తెలుస్తుంది

ఒకే అచ్చులోంచి వచ్చిన గిన్నెను కుచ్చుల అంచుగా, కజ్జికాయ అంచులా చిన్న మడతలుగా (నార్త్‌వుడ్‌కు ఇది ప్రత్యేకం), లోపలికి వంగిన ఐస్‌క్రీమ్ ఆకారంగా, లేదా చదును చేసి పళ్లెంగా మలిచేవారు. పళ్లేలకే గిరాకీ ఎక్కువ. అందుకే ‘పళ్లెం’ అన్న మాట విచ్చలవిడిగా వాడతారు. సేకర్తల కొలత ఇది: బల్ల మీద పెడితే అంచు రెండు అంగుళాలకన్నా పైకి లేవకూడదు. లేచిందంటే అది పల్చటి గిన్నె మాత్రమే.

పొడుగు పూలకూజాలను వేడిగా ఉండగానే గాల్లో ఊపి సాగదీసేవారు. ఒకే అచ్చు కూజా ఎనిమిది అంగుళాలూ ఉండొచ్చు, పన్నెండూ ఉండొచ్చు. కాబట్టి వాటి రకం ఎత్తును బట్టి కాక అడుగు వ్యాసాన్ని బట్టి చెప్తారు. నార్త్‌వుడ్ చెట్టుమోడు కూజాలో మామూలు రకానికి అడుగు సుమారు మూడున్నర అంగుళాలు, ‘ఫ్యూనరల్’ అనే పెద్ద రకానికి అయిదు పైనే. అమ్మకం ప్రకటనలో అడుగు కొలత లేకపోతే అడిగి తెప్పించుకోండి.

సెట్లలో లెక్క చూసుకోండి. నీళ్ల సెట్ అంటే ఒక కూజా, ఆరు గ్లాసులు. బెర్రీ సెట్ అంటే ఒక పెద్ద గిన్నె, ఆరు చిన్నవి. టేబుల్ సెట్ అంటే వెన్న గిన్నె, చక్కెర గిన్నె, పాల చెంబు, స్పూన్ల గ్లాసు. ఎక్కడెక్కడివో జతచేసినవి ఉంటాయి కాబట్టి అన్నిటి అడుగు రంగూ పక్కపక్కన పెట్టి చూడండి. నేరేడు రంగుల్లోనే ఛాయ తేడా ఉంటే సెట్ ధర ఇవ్వకండి.

మొదలుపెట్టేవాళ్లకు మా సలహా గ్లాసులు. చిన్నవి, చోటు తక్కువ, నగిషీలు ఎన్నో, దెబ్బలు పట్టుకోవడం తేలిక. సాధారణమైన బంతిపువ్వు రంగు వస్తువులు 50 డాలర్లలోపు తరచుగా దొరుకుతాయి. మొదటి ఏడాది ఒకే తయారీదారు లేదా ఒకే ఆకారం అని గిరి గీసుకోండి. అన్నీ కొనేవాళ్లకు ఏదీ లోతుగా తెలియదు.

వేలంలో అయితే కొట్టిన ధరే చివరి ధర కాదు. 100 డాలర్లకు పాడారనుకోండి. కొనుగోలుదారు రుసుము 15 శాతం, ప్యాకింగు, రవాణా 25 అయితే అయ్యేది 140. ఈ లెక్క పాటకు ముందు వేసుకోవాలి. ఫోటో చూసి కొనేటప్పుడు నాలుగు చిత్రాలు అడగండి: అడుగు, వెనక, అంచు, వెలుతురుకు ఎదురుగా పట్టినది. అడుగు ఫోటో పంపనివాళ్ల దగ్గర కొనకండి.

ఫిరోజాబాద్ సంగతి

మన గాజుల ఊరు ఫిరోజాబాద్‌కూ ఈ కథలో చోటుంది. 1930లలో అక్కడి జైన్ గ్లాస్ వర్క్స్ అమెరికా కార్నివాల్‌ను పోలిన గ్లాసులు, చేప, చెయ్యి ఆకారాల పూలకూజాలు చేసింది. గాజు పలుచన, ఎక్కువగా బంతిపువ్వు రంగు, కొన్నిటి మీద ‘జైన్’ అని అచ్చు అక్షరాలుంటాయి. ఇప్పుడు విదేశీ సేకర్తలు వీటిని వెతికి కొంటున్నారు. తాతముత్తాతల ఇంట్లో అటకమీద ఇలాంటి గ్లాసు ఉంటే పాత సామానుకు వేసే ముందు బోర్లించి చూడండి.

కడగడం, పెట్టడం

ప్లాస్టిక్ తొట్టిలో తువ్వాలు పరిచి గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల మెత్తటి సబ్బు. ఒక్కో వస్తువే కడగాలి, ఒకదాన్ని ఇంకోదాంట్లో పెట్టకూడదు. చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి తోమే పొడి, తుప్పు వదిలించే మందు, డిష్‌వాషర్ ఏవీ దగ్గరికి రానివ్వకండి. మెరుపు ఉన్నది పైపొరలోనే, అది పోతే మళ్లీ రాదు. నగిషీ సందుల్లో మట్టికి మెత్తటి పళ్లబ్రష్ చాలు.

పూలకూజా లోపల మబ్బులా ఉంటే తడిపి చూడండి. తడిగా ఉన్నప్పుడు మాయమై ఆరాక మళ్లీ వస్తే అది సున్నపు మరక కాదు, నీళ్లు నిలవుండి గాజే తినేయబడింది. కడిగితే పోదు. కొందరు లోపల నూనె రాసి దాన్ని దాచేస్తారు కాబట్టి వేలు పెట్టి చూడండి.

అల్మారాలో ఎల్ఈడీ దీపాలే వాడండి. పళ్లేల స్టాండు కొక్కేలకు రబ్బరు తొడుగులు ఉండాలి. ధర చీటీని మెరుపు మీద అంటించకండి, టేపు ఊడదీసినప్పుడు పొర కూడా రావొచ్చు. దారంతో కట్టిన చీటీ మంచిది. దాని మీద వరుస సంఖ్య, పుస్తకంలో అదే సంఖ్య కింద కొలతలు, అడుగు రంగు, దెబ్బలు, కొన్న తేదీ, ధర.

ఇండియాకు తేవాలంటే

ముందు మెత్తటి కాగితం, దాని మీద బబుల్ ర్యాప్ రెండు చుట్లు, చిన్న పెట్టెలో పెట్టి, ఆ పెట్టె చుట్టూ రెండేసి అంగుళాల మెత్తతో ఇంకో పెట్టె. న్యూస్‌పేపర్ నేరుగా గాజుకు తగలనివ్వకండి. గిన్నె లోపల ఖాళీని వదులుగా నింపాలి. బిగించి కూరితే బయటి దెబ్బ నేరుగా అంచుకు చేరుతుంది. మూతలు, రెండు భాగాల వస్తువులు విడివిడిగా కట్టండి. కుదిరితే చేతి సంచిలోనే తెచ్చుకోండి. సామాను గదిలో వచ్చినదైతే ఇంటికి రాగానే విప్పి కడగకండి. చలికి గడ్డకట్టిన గాజు మీద గోరువెచ్చని నీళ్లు పడినా బీట వేయగలవు. పెట్టె తెరిచి, చుట్లు విప్పకుండా ఒక రాత్రి గదిలో వదిలేసి మర్నాడు ముట్టుకోండి.